ఏడాదిది తీసి నెలది పెట్టు

"ఏడాదిది తీసి నెలది పెట్టక్కా, అంతే. ఎందుకు, ఏంది అని అడుగుతవేంది?"

గూడూరు బస్టాండు ఎదుట సౌందర్య సెల్‌ఫోన్ల దుకాణం. తండా నుంచి వచ్చిన జగన్ కౌంటరు మీదికి వంగి నిలబడ్డాడు. అతడి చేతిలో ఉన్నది వాళ్ల నాయన పూల్‌సింగ్ ఫోను. చూడగానే సౌందర్య దాన్ని గుర్తుపట్టింది.

"అడుగుత. గిది మీ బాపు మీ లంబాడీల గోర్‌బోలి పాటలు వినే యాప్. పోయినేడు ఏడాదికి నేనే పెట్టిచ్చిన. నెలనెలా కడితె ఎక్కువైతది, ఎరుకేనా?"

"ఎరుకే. రేపు మళ్ల ఏడాది పైసలు నా ఖాతల కట్ అయితయ్. గందుకే ఇయ్యాల వచ్చిన."

"ఎక్కువైనా నెలకే గావాల్నా?"

"జర పెట్టక్కా."

"ఎందుకు?"

"ఊకెనే."

"ఊకెనే ఎవలన్న ఎక్కువ కడ్తరార?"

"బాపు ఇప్పుడు గంతగనం వింటలేడు."

"అబద్దం. నిన్న సుత విన్నడు."

"నీకెట్ల ఎరుక?"

"ముచ్చట మార్చకు. ఫోన్ అడిగే తెచ్చినవా?"

"పండుకున్నడు."

"అంటె?"

"దిండు కిందికెల్లి తెచ్చిన. ఓటీపీ దానికే వస్తది గద."

"ఛీ! పాట వినుకుంట నిద్రపోయిన మనిషి దగ్గరికెల్లి! సరే, మీ బాపును చూపియ్య తీస్కపోతిరి గద, మానుకోట దవాఖానల ఏమన్నరు?"

"గ్యాస్ అన్నరు."

"జగన్..."

"బాపుకు గ్యాస్ అనే చెప్పినం."

"నీకేం చెప్పిన్రు?"

"రెన్నెళ్లల్ల వచ్చే తీజ్ పండుగ దాంక ఉంటె గొప్ప అన్నరు."

"గందుకని నెలకా?"

"మరేం జెయ్యాలె? ఏడాదిది కడితె మళ్ల వాపస్ ఇయ్యరు. మనిషే పోయినంక పాటలెవలు వింటరు?"

"థూ! ఎంత అలకగ అంటివిరా! మొన్న గీ కుర్సీలనే కూసోని క్రికెట్‌కు ఏడాదిది కట్టుకోలే నువ్వు?"

"అది నాది గదక్కా."

"నువ్వు ఏడాది ఉంటవని ఎవలన్న రాసిచ్చిన్రా?"

"గియన్ని నాకెందుకు? అయితదా, కాదా? కాకుంటె మానుకోట పోయి చేపిచ్చుకుంట."

"నీ మొకం చూస్తాంటేనే రోత పుడ్తాంది నాకు. ఏది, ఫోనియ్యి."

"ఇగో. బాపుకు మాత్రం చెప్పకు. ఎరుకైతె పానం కలుక్కుమంటది."

"పానం గురించి నువ్వు చెప్తున్నవా?"

"గొణుగుడు తర్వాత. పెట్టినవా?"

"ఇగో, తెరిచిన. నువ్వే చదువు. ఏమున్నది?"

"నెలకు... నెలకు అని ఉన్నది. గింత జల్ది ఎట్ల మార్చినవక్కా? ఓటీపీ సుత రాలే గద?"

"నేనేం ముట్టలే. నిన్న మీ బాపే ఆయాసపడుకుంట వచ్చి మార్పిచ్చుకపోయిండు. 'నాకు ఎరుకైందని జగన్‌కు చెప్పకు బిడ్డా, పోరడు పరేషాన్ అయితడు' అన్నడు."