గీత పెట్టిన గ్లాసు

ఆసుపత్రుల్లో అంటించడానికి తాను తయారుచేసిన పోస్టరును, అచ్చుకు పంపేముందు, కూతురు వంటగట్టు మీద పరిచింది. తల్లి కళ్ళద్దాలు తుడుచుకుని, గ్లాసు ఫొటో కింద ఉన్న అక్షరాలు చదివింది.

“‘క్షయ తగ్గిపోయింది. ఆమెను చంపింది ఈ గ్లాసు.’ ఇదేం రాతే! గుండె గుభేలుమంది.”

“గుభేలుమనాలనే రాశానమ్మా.”

“ఈ గ్లాసు మనదే. మిగతావాటిలో కలవకుండా మేకుతో గీత పెట్టింది నేనే.”

“జబ్బు పూర్తిగా తగ్గిందని డాక్టరు చెప్పాక కూడా పిన్నికి అందులోనే ఇచ్చావు.”

“చంటిదానివి, నీకు అంటుకుంటుందేమోనని భయపడ్డానే. చెల్లి నూతిలో దూకుతుందని కలగన్నానా? ఇప్పటికీ ఏ గ్లాసు తోమినా ఆ గీత వేలికి తగులుతుంది.”

“నీకు కష్టంగా ఉంటే చెప్పమ్మా, ఆపేస్తాను.”

తల్లి పోస్టరు మీదికి వంగి, ఫొటోలోని గ్లాసును వేలితో తడిమింది.

“గీత సరిగ్గా కనబడటం లేదే. పెద్దది చేయించు.”