నా రికార్డులో చెల్లెలి ఆపరేషన్

సభకు అధ్యక్షత వహిస్తున్న, మన క్లినిక్‌ను నడిపే డాక్టర్ ట్యాకెట్ గారికి, అంత పొడుగు ప్రార్థన చేసి ఆపిల్ కేకు దగ్గరికి మమ్మల్ని ఇంకా పోనివ్వని మన చర్చి పెద్ద ఎల్డర్ రాట్లిఫ్ గారికి, స్పైస్‌వుడ్ వాగు ఎగువ నుంచీ దిగువ నుంచీ ఈ ఫైర్ స్టేషన్ హాలుకు వచ్చిన పెద్దలకూ స్నేహితులకూ, నేనింకా నోరు విప్పకముందే రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్న జెనీవా స్టిడమ్‌కూ నమస్కారం.

నాకు అయిదు నిమిషాలిచ్చారు. దాటితే గంట కొడతారట. కొట్టుకోండి, నాకు ఒక చెవి ఎలాగూ పనిచెయ్యదు. (నవ్వులు) నా చేతిలో కాగితం లేదని చూస్తూనే ఉన్నారు. ఉన్నా దండగే. నా పేరు వెర్లీ నేపియర్, నాకు ఎనభై ఒకటి, నాకు చదవడం రాదు. ఈ ముక్క ఇంతమంది ముందు అనడం ఇదే మొదలు. ఎందుకంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది, మరీ ముఖ్యంగా డాక్టర్ గారికి తెలుస్తుంది.

ఇవాళ రిటైరవుతున్న జెనీవా ఇరవై తొమ్మిదేళ్ళు మన క్లినిక్‌లో రికార్డులు చూసింది. మొదట్లో అవి అట్టపెట్టెల్లో ఉండేవి. వాగు పొంగిన ఏడాది పెట్టెలన్నీ తడిసిపోతే, క్లినిక్ వెనక తీగలు కట్టి, బట్టలు ఆరేసినట్టు మన రోగాలన్నిటినీ ఆరేసింది. గాలికి ఎవరి కాగితం ఎవరి పెరట్లో పడిందో నేను చెప్పను, హరిసన్, నువ్వు తల దించుకోనక్కర్లేదు. (నవ్వులు) తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఇక్కడ రాసింది అరవై మైళ్ళ అవతల పెద్దాసుపత్రిలో కనపడుతుంది, అక్కడ రాసింది ఇక్కడ కనపడుతుంది. డాక్టరు తెరలోకి వచ్చి కూర్చుంటాడు. మంచు పడి దారి మూసుకున్నా మందు ఆగదు. ఆ యంత్రాన్ని తిట్టడానికి నేను రాలేదు. దానివల్లే ఇక్కడ నిలబడి ఉన్నాను. దానివల్లే చావబోయాను కూడా, అది వేరే సంగతి.

డాక్టరు తెరలోకి రాకముందు జెనీవా ఒక పని చేసేది. చేయమని ఏ పుస్తకంలోనూ లేదు. మన రికార్డు మనకు చదివి వినిపించేది. ఒక వరుస చదివి ఆగేది, "ఇది నిజమేనా?" అనేది, మనం సరే అన్నాకనే తర్వాతి వరుస. మన చర్చిలో పాట చెప్పే పెద్ద ఒక వరుస అందిస్తే మనమంతా అందుకుని పాడతాం చూడండి, అచ్చం అలాగే. చదువు రాదా అని ఎవరినీ అడిగేది కాదు. వచ్చినవాళ్ళకూ చదివేది, రానివాళ్ళకూ చదివేది. ఎవరు ఎవరో బయటికి తెలిసేది కాదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. పద్నాలుగేళ్ళ కిందట మా చెల్లెలు ఓమాకు కడుపునొప్పి. దాని మొగుడి గని మూతపడి బీమా పోయింది, అరవై అయిదు నిండినవాళ్ళకు సర్కారిచ్చే వైద్యం కార్డుకు దానికి వయసు చాలలేదు. నాకు కార్డుంది, రోగం లేదు. దానికి రోగముంది, కార్డు లేదు. మన లోయలో రంపం ఎరువిస్తాం, ట్రక్కు ఎరువిస్తాం. నేను కార్డు ఎరువిచ్చాను.

"పట్టుబడితేనో అక్కా?" అంది.

"మన ఇద్దరి మొహాలూ ఒకే అచ్చులో పోసినవి. నోరు మాత్రం మూసుకో, నాలా తిట్టడం నీకు రాదు, అక్కడ దొరికిపోతావు" అన్నాను.

అలా నా పేరు మీద ఓమా గాల్‌బ్లాడర్ తీసేశారు. ఆపరేషన్‌కు ముందు చీము పట్టకుండా ఎక్కించిన మందు దానికి పడక గొంతు వాచి, ఊపిరాగి, చచ్చి బతికింది. ఇంటికొచ్చేటప్పుడు ఆ మందు పేరు రాసి కాగితాలిచ్చారు. వాటి మీద ఉన్నది నా పేరాయె. ఇద్దరం కలిసి పొయ్యిలో వేశాం. తెలివైన పని చేశామనుకున్నాం.

నాలుగేళ్ళకు నొప్పి నాకొచ్చింది. కుడివైపు డొక్క కింద, వీపులోకి పొడిచేది. పెద్దాసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు తెర చూసి, "గాల్‌బ్లాడర్ అయితే కాదు, మీకది తీసేశారుగా" అని గుండెమంట బిళ్ళలిచ్చి పంపాడు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అవే బిళ్ళలు. తీసింది నాది కాదని ఎలా చెప్పను? చెబితే ఓమా జైలుకు పోతుందని భయం. పళ్ళు బిగబట్టుకుని ఇంట్లో పడుకున్నాను. ఓమా వచ్చి ఏడిస్తే దాన్ని కూడా తిట్టి పంపాను.

చివరికి ఒక మంగళవారం మన క్లినిక్‌కు వచ్చాను. తెరలో డాక్టరు వచ్చేలోగా జెనీవా చదవడం మొదలుపెట్టింది.

"గాల్‌బ్లాడర్ తీసేశారు. నిజమేనా పిన్నీ?"

"నిజమే."

"పొట్ట మీద నాలుగు చిన్న కోతలు. నిజమేనా?"

"నిజమే అన్నానుగా."

"ఏదీ, చొక్కా పైకెత్తు, చూస్తాను."

"ఏమే, సిగ్గులేదూ? మీ అమ్మ నిన్ను ఇలాగే పెంచిందా?"

"సగం పెంచింది నువ్వే పిన్నీ. ఎత్తు."

ఎత్తాను. గీత కూడా లేదు. అప్పుడే తెరలోకి డాక్టరు వచ్చి గుడ్ మార్నింగ్ అన్నాడు. జెనీవా, "ఒక్క పావుగంట ఆగండి డాక్టర్ గారూ" అని తెర ఆర్పేసి, కుర్చీ లాక్కుని నా మోకాళ్ళకు ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు ఈ గదిలో మనిద్దరమే ఉన్నాం. ఎవరిది తీశారు?" అంది.

నేను తలుపు వైపు చూశాను. అది లేవలేదు. ఆ కాసేపు నాకు నొప్పి కంటే దాని చూపే ఎక్కువ బాధపెట్టింది. ఆఖరికి చెప్పాను. "చెరిపెయ్యవే, నీ పుణ్యముంటుంది" అన్నాను.

"ఇందులో చెరపడం ఉండదు పిన్నీ. రాసింది రాసినట్టే ఉంటుంది, ఎవరు రాశారో కూడా ఉంటుంది. దాని పైన 'ఇది ఈ మనిషిది కాదు' అని రాయొచ్చు. ఎవరిదో కూడా రాయాలి."

"రాస్తే నా చెల్లెలు నాశనమైపోతుంది."

"రాయకపోతే చచ్చిపోతుంది. ఓమాకు పడని మందు పేరు నీ రికార్డులో ఎర్ర అక్షరాలతో ఉంది. ఓమా రికార్డులో లేదు. రేపు ఏ ఆసుపత్రిలోనైనా అదే మందు ఎక్కిస్తారు. దాని ప్రాణం తీసుకొచ్చి నీ పేరు కింద దాచిపెట్టావు పిన్నీ."

నేను ఎవరికీ తలొంచిన మనిషిని కాదు. ఆ రోజు వంచాను. ఓమాకు ఫోను చేసి రమ్మన్నాను. అది వచ్చి, విని, "రాయి జెనీవా, నా పేరే రాయి" అంది. ఆ కార్డులిచ్చే పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చి మా ఇద్దరినీ మూడు గంటలు అడిగాడు. ఆ మూడు గంటలూ జెనీవా మా పక్కనే కూర్చుంది, అది తన పని కాకపోయినా. ఆయన మమ్మల్ని గట్టిగా మందలించి, సంతకాలు పెట్టించుకుని వెళ్ళాడు. నేను సంతకం బదులు అడ్డగీత పెట్టాను. జెనీవా రికార్డు దిద్దిన మర్నాడే స్కాన్ తీస్తే గాల్‌బ్లాడర్ పగలడానికి సిద్ధంగా ఉంది. తీశారు. ఇప్పుడు నాకూ నాలుగు కోతలున్నాయి, ఎవరికైనా అనుమానముంటే కేకు తిన్నాక చూపిస్తాను. (నవ్వులు)

ఇక నా వ్యాజ్యం. జెనీవా వెళ్ళాక ఆ కుర్చీలో ఎవరినీ పెట్టరట. బదులుగా మన రికార్డు మన ఫోనులోకే వస్తుందట, ఎవరిది వాళ్ళే చదువుకుని తప్పులుంటే చెప్పాలట. చాలా గొప్పగా ఉంది డాక్టర్ గారూ. నాకు మాత్రం అది మూసిన తలుపు. నేనొక్కదాన్నే అయితే ముసలిది, పోతే పోయిందని ఊరుకోవచ్చు. అందుకని అడుగుతున్నాను. జెనీవా చదివితే తప్ప తన రికార్డులో ఏముందో తెలియనివాళ్ళు ఈ హాల్లో ఎవరున్నారు? చెయ్యెత్తండి. నేను ఎత్తాను.

(చేతులన్నీ ఒళ్ళోనే ఉన్నాయి)

సిగ్గుగా ఉందా? నాకు ఎనభై ఏళ్ళు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే పొయ్యిలో కాగితాలు కాల్చాను, ఎవరిచేతా చదివించుకోకుండా.

ఎల్డర్ గారూ! మీరా? ముప్పయ్యేళ్ళుగా బైబిల్ వాక్యమంతా నోటికి చెబుతున్నారు కదయ్యా!

(ఎల్డర్ రాట్లిఫ్: "చదవలేకే కదా వెర్లీ, నోటికి నేర్చుకున్నది.")

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. అదిగో, వెనక బెంచీలో ఒకటి. కిటికీ దగ్గర రెండు. హరిసన్, నువ్వూనా? ఎత్తండి, ఇంకా ఎత్తండి. డాక్టర్ గారూ, చూడండి. నన్ను కాదు, వాళ్ళను చూడండి.

(డాక్టర్ ట్యాకెట్ లేచి: "నాకు ఇంతమంది అని తెలియదు వెర్లీ గారూ. ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. నేను మాటిస్తున్నాను." చప్పట్లు)

కూర్చోండి డాక్టర్ గారూ. మంచివారు. మీతో ఇంకా చాలాసేపు పోట్లాడాలని తయారై వచ్చాను, ఆ బాకీ మిగిలిపోయింది.

ఇక మిగిలింది జెనీవాకు కృతజ్ఞత చెప్పడం. తిట్టడమైతే నాకు వెయ్యి రకాలుగా వచ్చు, ఇది ఒక్క రకంగా కూడా రాదు. అందుకని జరిగింది చెబుతాను. పోయిన వసంతంలో ఓమా మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. స్పృహ లేదు, పక్కన నేను లేను, హెలికాప్టర్‌లో ఎక్కడికో తెలియని ఊరు తీసుకెళ్ళారు. అక్కడ మనల్ని ఎరగని ఒక నర్సు అదే మందు చేతిలోకి తీసుకుని, తెర మీద ఓమా పేరు కింద ఎర్ర అక్షరాలు చూసి, పక్కన పెట్టేసి, వేరే మందు ఎక్కించింది. ఓమా, లేచి నిలబడు. కర్ర పట్టుకునే నిలబడు, తొందరేం లేదు.

జెనీవా, చూశావా? సెలవు.