పెళ్లికొడుకు చొక్కా

కుట్టుమిషన్ ముందు కూర్చుందే గానీ, కోడలి కాలు ఆడటం లేదు. చూపంతా అత్తగారి ఒడిలో మోగుతున్న ఫోన్ మీదే ఉంది.

“ఇలా ఇవ్వండి అత్తయ్యా!”

“పెళ్లికొడుకు చొక్కా అయ్యాకే. సాయంత్రం వాళ్లొస్తే చేతులు లేని చొక్కా ఇస్తావా?”

“అది పిల్లల గౌన్లావిడ. ఇవాళే ఇస్తానని మాటిచ్చాను.”

“ఇవాళ అని ఎంతమందికి చెప్పావే తల్లీ?”

“అందరికీ.”

“రోజునేమైనా సాగదీస్తావా?”

“కాదంటే ఇంకోచోటికి పోతారు. మీరైనా ఎత్తండి!”

అత్తగారు ఫోన్ పట్టుకుని పక్కగదిలోకి వెళ్లివచ్చింది.

“ఏం చెప్పారు?”

“గౌన్లు ఎల్లుండి అన్నాను.”

“అయ్యో! ఎన్ని మాటలు అందో!”

“సరేనంది.”

“అంతేనా?”

“అంతే.”

కోడలు నమ్మలేనట్టు చూసింది.

“మిగతావాళ్లకీ మీరే చెప్పండత్తయ్యా.”

“నువ్వే చెబుదువుగాని. ముందు ఆ చెయ్యి కుట్టు.”