నాచు అని రాసిన సీసా

నవ్వితే నవ్వావు గానీ నాయనా, కొట్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా నవ్వాలా? చేపలు అమ్మేవాడివి, నీకు తెలిసే ఉంటుంది. నేనూ ముప్పై ఒక్క ఏళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణే. ఈ ఫోటోలో తెల్లచుట్టలు గుడ్లు కావంటావు. పురుగుల గూళ్ళంటావు. ఉప్పునీళ్ళ తొట్టి ఉన్న ప్రతి ఇంట్లోనూ అద్దానికి ఇవి అంటుకునే ఉంటాయంటావు.

సరే, పురుగులే. ఆవగింజలో సగం లేవు, అయినా ఒక్కోటీ నత్తగుల్లలా మెలి తిరిగి ఎంత ముచ్చటగా ఉన్నాయో చూడు. గుడ్లనుకోవడంలో నా తప్పేముంది? తెల్లగా ఉన్నాయి కదా.

అదే చెబుతున్నా. మా కాలేజీలో అన్నీ తెల్లగానే ఉండేవి. గాజు బీరువా నిండా రెండొందల పైచిలుకు సీసాలు. పాము, కప్ప, తేలు, చేపగుడ్లు, అన్నీ ఫార్మలిన్‌లోనే. ఆ నీళ్ళలో ఏడాది నానితే చిలక్కీ పావురానికీ తేడా తెలియదు. నేను చదివినవి అవే, చెప్పినవీ అవే. ఒకసారి మా ప్రిన్సిపాలు పెరట్లో దొరికిన జలగని పట్టుకొచ్చి ఇదేమిటని అడిగితే, రెండ్రోజులు ఆగండి సార్, సీసాలో వేసి చెబుతానన్నాను. జోకనుకుని భుజం తట్టి వెళ్ళాడు.

ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోయాను. ఆ డబ్బా పొట్లం కట్టకు, కాస్త ఆగు. పిల్లచేపల మేత కావాలని మా ఆవిడ నీకు ఫోన్ చేసింది కదూ. అందుకే నేనే స్వయంగా వచ్చాను.

తొట్టి ఆవిడది, నాది కాదు. ఆ నారింజ రంగు చేపల జంటని, తెల్ల పట్టీలవి, మూడేళ్ళ కిందట నీ దగ్గరే కొంది. దంపతులంటుంది వాటిని. పొద్దున లేస్తూనే, దంపతులేం చేస్తున్నారండీ, అని అడుగుతుంది. అప్పట్నుంచీ గుడ్లు పెడతాయని ఎదురు చూస్తూనే ఉంది. మా బావమరిది వచ్చినప్పుడల్లా, "అక్కా, అవి రెండూ అన్నదమ్ములేమో కనుక్కున్నావా" అని ఏడిపిస్తాడు.

ఇంతలో ఆవిడ కళ్ళకి శుక్లాలొచ్చాయి. ఆపరేషనుకి ముందురోజు తొట్టి ముందు కూచుని, "ఏమండీ, ఆ రాతి మీద ఏదో నారింజ రంగు మసగ్గా కనిపిస్తోంది. అదేమిటో చూసి చెప్పండి" అంది. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. అరచేతిలో సగం ఉంటుంది. నాచు అన్నాను.

"నాచయితే గీకెయ్యండి మరి. గుడ్లు పెట్టే చోటు శుభ్రంగా ఉండాలట" అంది.

గీకాను. పాత బ్లేడుతో. ఆ మగచేప వచ్చి నా వేలు కొరికింది నాయనా. చూస్తే చిటికెనవేలంత లేదు, ఎంత విదిలించినా మళ్ళీ మళ్ళీ వచ్చింది. నీ నీళ్ళు మార్చేది నేనురా, నన్నే కొరుకుతావా అని తిట్టాను. అంతకుముందు నాలుగైదు రోజులుగా అది అక్కడే రెక్కలు ఆడిస్తూ కూచుంటే, నాచు తింటోంది కాబోలు అనుకున్నా.

ఆ తర్వాత ఆవిడకి ఒక కంటికి కట్టు, రెండో కంటికి మసక. పది రోజులు వంగకూడదు, నల్లద్దాలు తియ్యకూడదు అన్నాడు డాక్టరు. దంపతుల సంగతులు నేనే చెప్పాలి. అద్దం మీద ఈ తెల్లచుట్టలు కనిపించిన రోజున, గుడ్లు పెట్టాయోయ్ అన్నాను. ఇక మంచం మీంచే చుట్టాలందరికీ ఫోన్లు. "బావగారు చూశారంటే తిరుగు లేదు" అన్నాడట బావమరిది. నలభై నాలుగేళ్ళలో వాడు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

మగచేప ఇప్పటికీ ఆ ఖాళీ రాతి దగ్గరే రెక్కలు ఆడిస్తోంది. కులాసాగా ఉందని చెబుతున్నాను ఆవిడకి.

ఇదిగో, ఈ సీసా చూడు. గీకినదాంట్లో చిటికెడు తీసి స్పిరిట్‌లో వేశాను, పాత అలవాటు. చీటీ కూడా అంటించాను. నాచు అని, కింద తేదీ. ఆ దస్తూరీ నాదే. నీ దగ్గర భూతద్దం ఉందిగా, పెట్టి చూడు.

ఏం, ఇప్పుడు నవ్వవేం? ఇందాక పకపకా నవ్వినవాడివి.

ఒక్కో గింజలో రెండేసి నల్లచుక్కలున్నాయి, అవునా? కళ్ళే కదూ అవి. మరో రెండు మూడు రోజులుంటే పిల్లలయ్యేవి, అవునా?

మళ్ళీ పెడతాయా? పదిహేను రోజుల్లోనా? అదే రాతి మీదా? మంచిమాట చెప్పావు. కానీ అప్పటికి ఆవిడ కళ్ళు ఆవిడకి వచ్చేస్తాయి. నారింజ రంగు చూస్తుంది. పోయినసారి మీరు గీకింది ఇదేగా అంటుంది.

తెలియక చేశానని చెప్పమంటావా? చెప్పొచ్చు. చేపల కొట్టు అబ్బాయి చూపించేదాకా నాకు తట్టలేదని చెప్పొచ్చు. నమ్ముతుంది కూడా. నా మాట నమ్మడం ఆవిడకి అలవాటు, అదే వచ్చిన చిక్కు.

నిజం అది కాదు. మొన్న సొరుగులోంచి ఈ సీసా తీశాను. రంగంతా దిగిపోయి గింజలు తెల్లబడ్డాయి. భూతద్దం అక్కర్లేకపోయింది, చూడగానే గుర్తుపట్టాను. చేపగుడ్లు. మా బీరువాలో రెండో అర, ఎడమ నుంచి నాలుగో సీసా.

ఆ సాయంత్రం కూడా ఆవిడ, దంపతులేం చేస్తున్నారండీ అంది. గుడ్లు కాస్త పెద్దవయ్యాయి అన్నాను.

రేపు నల్లద్దాలు తీస్తారు. నువ్వు ఈ సీసా చూసి, నాచే మాస్టారూ, సందేహం లేదు, అంటావేమోనని వచ్చాను. అంతకంటే ఏం లేదు.

సరేలే, ఆ మేత డబ్బా ఇటివ్వు. ఉత్తచేతులతో వెళితే, ఎందుకు తేలేదని అడుగుతుంది.