జెండా లేని బనీను

సైరన్ మోగగానే దుర్గారావు కారు షెడ్డు నుంచి వంటింటి వెనక గది దాకా తీసిన పరుగు చూసి, అంత భయంలోనూ గురప్పకు నవ్వొచ్చింది. "ఏం న్నా, బలే పరిగెత్తినావే!" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు దుర్గారావుకి, కోతలు మొదలెట్టడానికి.

కువైట్లో, సల్వా పేటలో ఆ ఇంటికి దుర్గారావు డ్రైవరు, రెడ్డెమ్మ పనిమనిషి. గురప్ప పక్కింట్లో వంటవాడు. ఇరాక్ మీద యుద్ధం మొదలైన మార్చి అది. మిసైల్ ఎప్పుడొచ్చి పడుతుందో తెలీదు, పడితే అందులో విషగాలి ఉంటుందని ఊరంతా ఒకటే పుకారు. మామా అని వీళ్ళు పిలిచే యజమానురాలు, ఆమె ఇంటివాళ్ళు మేడ మీద మాస్కులు తగిలించుకుని కూర్చున్నారు. కిందవాళ్ళకి ప్లాస్టిక్ పట్టా, టేపు చుట్టా ఇచ్చారు. ముగ్గురూ గదిలో దూరి, తలుపు చుట్టూ టేపు అంటించారు. తలుపుకి వీపు ఆనించి దుర్గారావు బైఠాయించాడు. ఖలాస్, అంటే గండం అయిపోయిందని రెండో సైరన్ మోగేదాకా తీయకూడదు.

రెడ్డెమ్మ చెవులు మాత్రం వీధిలోనే ఉన్నాయి. తమ్ముడు సురేష్ షువైఖ్ రేవు నుంచి ఇరాక్ సరిహద్దు దగ్గరి సైన్యం క్యాంపులకు నీళ్ళ ట్యాంకరు తోలుతాడు. "తిరిగి రాంగానే నీ దగ్గరికే వస్తాలే క్కా" అని చెప్పి నిన్న పొద్దున పోయినవాడు ఇంతవరకూ రాలేదు. ఫోను కలవడం లేదు.

"నా పరుగు మీరేం చూశారు గురప్పగారూ!" దుర్గారావు మొదలెట్టనే మొదలెట్టాడు. "వెనకటికి ఇరాక్ సైన్యం ఇక్కడికొచ్చి పడ్డప్పుడు, నేను బస్రా మీదుగా పడతా లేస్తా ఇరాక్ దాటి అవతల దేశంలో అమ్మాన్ చేరేనండి. డేరాల్లో పడేశారు. రొట్టెల లారీ వస్తే జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోయేవారు. నేనేం చేసేవోణ్ణంటే, రోడ్డు మీదకి ఎదురెళ్ళి, లారీ పక్కనే పరిగెత్తుకుంటా వచ్చి నాలుగు రొట్టెలు పట్టుకునేవోణ్ణి. అంతేనండి, ఆయ్. గొప్పేం కాదు."

"దాంట్లో ఏముందిలే" అన్నాడు గురప్ప.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకరోజు చూసుకుంటే లారీ లేదు. ఏదిరా అని వెనక్కి తిరిగితే, ఎక్కడో దూరంగా దుమ్ములో వస్తోంది! అది ఓ జర్మనీ దొర కంట్లో పడింది. ఆయన పరుగు పందేలకి పెద్ద. 'ఏ దేశంరా నీది?' అన్నాడు. కాగితాలన్నీ కువైట్లో తగలబడిపోయాయి, నన్ను ఫలానా దేశమని ఎవడు నమ్ముతాడండీ? ఏ దేశమూ కాదు దొరా అన్నాను. అలాంటోడే కావాలి నాకన్నాడు."

"ఎందుకంట?"

"యుద్ధం రోజులు కదండీ. కొట్టుకుంటున్న దేశాల వాళ్ళు జెండా పెట్టుకుని పందెంలోకి రాకూడదు, గెలిచినా వాళ్ళ పాట వెయ్యరు. ఉత్త తెల్ల బనీను తొడుక్కుని పరిగెత్తాలి. న్యూట్రల్ అంటారు. మన బండి గేరు న్యూట్రల్లో ఉంటే ముందుకీ పోదు, వెనక్కీ పోదు చూడండి, అలాగ. కానీ నేను పోయాను! నలభై రెండు కిలోమీటర్లు! ఒంటి మీద చెమట చుక్క లేదు. బలానికి దొంగ మందేదో మింగాడేమోనని డాక్టర్లొచ్చి నా బనీను విప్పించి పిండేరండీ. పిండితే ఏముంది, అప్పడంలా ఫెళఫెళలాడింది!"

దూరంగా ఢామ్మని పేలింది. కిటికీకి కట్టిన పట్టా ఉబ్బి, మళ్ళీ అణిగింది. గురప్ప తడి తువ్వాలు ముక్కుకి అదుముకున్నాడు. రెడ్డెమ్మ రాయచోటి వీరభద్రస్వామికి మొక్కుకుంది. ఈ మనిషి నోరు మూస్తే బాగుండునని ఒక పక్క, మూస్తే ఆ నిశ్శబ్దంలో తను బతకలేనని ఒక పక్క.

"చెప్పు న్నా, తర్వాత?" అంది.

దుర్గారావు గొంతు పెంచాడు.

"తర్వాతా? ఆ పరుగు ఆగలేదు తల్లీ! రోడ్డుకి ఈ పక్క ఒక సైన్యం, ఆ పక్క ఒక సైన్యం. నన్ను చూడ్డానికి తుపాకులు దించేశారు. ట్యాంకులు పక్కకి తీసి దారిచ్చేరు. ఇద్దరు జనరల్సూ వైర్‌లెస్‌లో ఒకటే బతిమాలడం, 'బాబ్బాబు, మెల్లిగా పరిగెత్తవయ్యా, నువ్వు ఆగితే మళ్ళీ కాల్చుకోవాలి' అని. వాళ్ళ మొహం చూసి ఇంకో రెండు రౌండ్లు వేసేను."

"ఓయబ్బా!" అన్నాడు గురప్ప తువ్వాల్లోంచి.

"అప్పుడొచ్చిందండీ, మిసైలు! నా వెనకాలే. కుడికి తిరిగితే కుడికి, ఎడమకి తిరిగితే ఎడమకి. పెళ్ళివారి బస్సంత ఉంది! ఇక లాభం లేదని గిరుక్కున తిరిగి, రొమ్ము విరిచి, బనీను చూపించేను. ఇటు చూసింది, అటు చూసింది. జెండా లేదు! నేనెవరి మనిషినో దానికి తెలిస్తేగా? సిగ్గుపడి సముద్రంలోకి పోయి పడింది."

అప్పుడే తలుపు మీద దబదబా బాదారు.

దుర్గారావు ఉలిక్కిపడి ముందుకి తూలాడు.

"అక్కా! అక్కా, నేను! తలుపు తియ్యి!"

"సురేషూ!" రెడ్డెమ్మ ఒక్క ఉదుటున లేచింది.

గురప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దమ్మా! ఇంకా ఖలాస్ సైరన్ కూయలేదు. ఇప్పుడే గదా పేలింది. గాలి లోపలికొస్తే అందరం పోతాం."

"వాడు బయటుండాడు!"

"రెండు నిమిషాలు ఓర్చుకో!"

రెడ్డెమ్మ చెయ్యి విదిలించుకుని, తలుపుకి అడ్డంగా ఉన్న దుర్గారావు ముందుకొచ్చి నిలబడింది. ఆమె గొంతులో ఎగతాళి లేదు. "అన్నా, మిసైలు నిన్ను చూసి తిరిగిపోయిందంటివి గదా. లెయ్. నువ్వు తీస్తావా, పక్కకు జరుగుతావా, నన్ను తియ్యమంటావా?"

దుర్గారావు ఆమె వైపు చూశాడు, గురప్ప వైపు చూశాడు. మెడలో ఉన్న తన తడి తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మొహానికి కట్టుకో. మూలకెళ్ళండి ఇద్దరూ" అన్నాడు.

టేపు పీకబోతే గోళ్ళకి అందలేదు. పళ్ళతో పట్టి లాగాడు. తలుపు సందు చేసి, మొహానికి ఏ అడ్డూ లేకుండానే వంగి, సురేష్ భుజం పట్టి లోపలికి లాక్కుని, మళ్ళీ తలుపు మూసి దానికి చేరగిలబడ్డాడు.

నలుగురూ ఊపిరి బిగబట్టారు. ఏమీ కాలేదు. గాలిలో డీజిల్ వాసన తప్ప మరేం లేదు. రెడ్డెమ్మ తమ్ముణ్ణి వాటేసుకుని భోరుమంది. వాడి గుండీలు ఊడిన చొక్కా కింద ఉత్త ఒళ్ళు.

"బనీనేదిరా?"

"ట్యాంకరుకు కట్టిన క్కా. ఎవరి బండో తెలీక కాలుస్తారేమోనని. దారి పొడుగునా దాన్ని ఎగరేసుకుంటానే వస్తి."

"చూశారా!" దుర్గారావుకి ప్రాణం లేచొచ్చింది. "నే చెప్పలేదూ? తెల్ల బనీను! న్యూట్రల్! నా మాటంటే ఊరికే..."

రెడ్డెమ్మ కళ్ళు తుడుచుకుని దగ్గరికొచ్చింది. వీపుకి అంటుకుపోయిన అతని బనీను అంచు పట్టుకుని ఒక్క పిండు పిండింది. గచ్చు మీద టపటపా చెమట కారింది.

"ఏం న్నా," అంది, "అమ్మాన్‌లో నలభై రెండు కిలోమీటర్లకు పట్టని చెమట, సల్వాలో ఒక్క తలుపుకే పట్టిందా?"

గురప్ప పకపకా నవ్వాడు. తమ్ముడి కోసం పొద్దుటి నుంచి మూత పెట్టి దాచిన చెంబెడు మజ్జిగని రెడ్డెమ్మ ముందుగా దుర్గారావు చేతికే ఇచ్చింది.