అమ్మమ్మకు వచ్చిన ఇరవై

సైకాలజీ ల్యాబులో మేడమ్ ఎర్ర పెన్ను పట్టుకుని ప్రాక్టికల్ రికార్డు పేజీలు తిప్పుతోంది. ఎదురుగా డిగ్రీ అమ్మాయి నిలబడి ఉంది.

“డెబ్భై ఏళ్లావిడ ఇరవై మాటలు విని, ఇరవయ్యీ అప్పజెప్పిందా? నా చెవిలో పూలు పెడుతున్నావా?”

“మా అమ్మమ్మే మేడమ్. క్యాంటీన్‌లో ముప్ఫై ఏళ్లు కాగితం ముట్టకుండా ఆర్డర్లు తీసుకున్న మనిషి.”

“క్లాసులో మిగతావాళ్లు పరీక్ష పెట్టిన ముసలివాళ్లందరికీ తొమ్మిదే వచ్చింది. నువ్వూ తొమ్మిదని దిద్దు, సంతకం పెడతాను.”

“వాళ్లంతా నిరుటి సీనియర్ల రికార్డు చూసి దించారు మేడమ్. నేను మా ఇంట్లో కూర్చోబెట్టి చేశాను. దిద్దను.”

“సంతకం లేకపోతే ప్రాక్టికల్స్ తప్పుతావు.”

“తప్పితే తప్పుతాను. కావాలంటే ఆవిడకు మీరే పరీక్ష పెట్టండి. బయట బెంచీ మీద కూర్చుంది. పోయిన వారం నేను చదివి వినిపించిన ఇరవై మాటలూ ఇంకా మర్చిపోలేదు. పిలవమంటారా?”