గురువారం పాట

(ఎనభైల నాటి హంగరీ, మిష్కోల్ట్స్ పట్టణం. పొద్దున ఇంకా తలుపులు తెరవని హోటల్లో, అక్కడ వాయించే రోమా (జిప్సీ) బ్యాండు పెద్ద వయొలినిస్టు బెర్కి ఎలెమేర్, మొన్న పోయిన ఫ్యాక్టరీ డైరెక్టరు తర్నాయి గారి భార్య.)

“అడిగిందానికి చెప్పు ఎలెమేర్. రేపు సమాధి దగ్గర ఏం వాయిస్తావు?”

“ఆయన పాటేనమ్మగారూ. గోధుమచేను పాట. మీరిద్దరూ వచ్చినప్పుడల్లా మీ బల్ల దగ్గర నిలబడి వాయించలేదూ?”

“అది నా పాట. ఆయనకి ఇంకోటుంది.”

“మా దగ్గరికొచ్చేవాళ్ళకి సవాలక్ష పాటలుంటాయండీ.”

“గురువారాలు.”

“ఏ గురువారాలు?”

“నేను మా అక్కయ్య ఇంటికెళ్ళే గురువారాలు.”

“కాఫీ తెప్పించనా?”

“వద్దు.”

“చూడండమ్మా, ఇది మా తాతల నాటి వ్యాపారం. పెట్టుబడిలో సగం ఈ వేళ్ళు, మిగతా సగం నోరు మూసుకోవడం. ఎవరి పాట ఏదో మర్చిపోకూడదు. ఎవరితో కూర్చుని విన్నారో గుర్తుండకూడదు. ఒక్కసారి నోరు జారానా, ఇక ఏ బల్లకీ నన్ను పిలవరు.”

“పోయినాయన ఎలాగూ పిలవడు.”

“పోయినా మాట మాటే.”

“అయితే మాటిచ్చావన్నమాట.”

“నా చేత అనిపించేశారు.”

“ఎవరావిడ?”

“ఒట్టు, నేనెప్పుడూ చూళ్ళేదు. ఆయన ఒక్కరే వచ్చేవారు. కౌంటరు దగ్గర ఫోను తిప్పి, రిసీవరు నా వయొలిన్ దగ్గర పట్టుకునేవారు. నేను వాయించాలి, అవతల ఆవిడ వినాలి. అంతే. ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు.”

“ఎవరని నువ్వూ అడగలేదు.”

“అడిగితే నాకేం గిడుతుంది? ఊరంతా ఏళ్ళకేళ్ళు కాచుకున్నా రాని టెలిఫోను, ఆయన మా ఇంటికి నెల తిరక్కుండా వేయించారు. మా వీధి డాక్టరుకే లేదు, నాకుంది. ఒక్క పాటకి ఇంతకంటే మంచి బేరం ఏ వయొలిన్‌కి తగిలింది?”

“బేరమే. ఏం పాటది?”

“మావాళ్ళ పాటండీ, మా భాషలోది. మా అత్తగారు పాడేది. బయట ఎవరికీ తెలీదు. అలాంటిది ఆయనే కూనిరాగం తీసి అడిగేసరికి, డైరెక్టరు గారి దాకా వెళ్ళిందా మా పాట అని పొంగిపోయాను.”

“నీకు నిజంగా తెలీదు.”

“దేని గురించి?”

“ఆసుపత్రిలో ఓ మధ్యాహ్నం ఆ నంబరు నన్నే తిప్పమన్నాడు. ఆయనకప్పటికి చెయ్యి లేవడం లేదు.”

“తిప్పారా?”

“తిప్పాను. ఆయన చెవి దగ్గర పట్టుకుని, నేనూ తల ఆనించి విన్నాను. ఎవరో ఆడమనిషి. ఈయనకి మాట పెగల్లేదు. ఊపిరిని బట్టే పోల్చుకుందేమో, గొంతు తగ్గించి పాట ఎత్తుకుంది. ఏడుస్తూనే చివరిదాకా పాడింది.”

“పాపం.”

“పాపమే.”

“అయితే రేపు అదే వాయిస్తానమ్మా. నా మాటా నిలబడుతుంది. ఎవరి కళ్ళు తడుస్తాయో మీరే చూసుకోండి.”

“నాకు చూడక్కర్లేదు. నువ్వు తెలిసే బేరం కుదుర్చుకున్నావేమో కనుక్కుందామని వచ్చాను.”

“ఏం తెలిసి, అమ్మగారూ?”

“ఆవిడ పాడుతుంటే పక్కగదిలో ఎవరో వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నారు, ఎలెమేర్. ‘ఫోనులో ఎవరే?’ అని ఆవిణ్ణి అడిగింది నువ్వే.”